ఎల్లుండి క్లీవ్‌లాండ్ నుంచి బఫలోకి డ్రైవింగ్: బయల్దేరొచ్చా?

ఎల్లుండి పొద్దున్నే ఈరీ సరస్సు ఒడ్డు వెంబడి వెళ్లే ఐ-90 హైవే మీద బయల్దేరాలి, చంటిపాప కూడా ఉంటుంది. నేషనల్ వెదర్ సర్వీస్ (అమెరికా వాతావరణ శాఖ) మ్యాప్‌లో సగం దేశం రంగులే: పడమటి కొండల్లో మంచు, దక్షిణాన వాన, మధ్యలో ఫ్రీజింగ్ రెయిన్ (నేలను తాకగానే గడ్డకట్టే వాన). అవన్నీ అలా ఉంచితే, నా టెన్షనంతా ఈరీ సరస్సు గురించే. చల్లగాలి వెచ్చటి నీళ్ల మీదుగా వచ్చి కురిపించే లేక్ ఎఫెక్ట్ స్నో సన్నటి పట్టీలా పడుతుంది కదా. ఒక ఊళ్లో ఎండ కాస్తుంటే పక్క ఊళ్లో ముందు కారు లైట్లు కూడా కనబడవు. ప్రస్తుతానికి వాచ్ (పడే అవకాశం ఉందనే ముందస్తు సూచన) మాత్రమే ఇచ్చారు, వార్నింగ్ (దాదాపు ఖాయమనే హెచ్చరిక) ఇంకా రాలేదు.

గాలి దిశ కాస్త మారినా ఆ పట్టీ జరిగిపోతుంది. మరి రెండు రోజుల ముందు చెప్పినదాన్ని ఎంతవరకు నమ్మొచ్చు? చలికాలంలో ఆ దారిన తిరిగేవాళ్లు ఎప్పుడు చూసి నిర్ణయించుకుంటారు? సరస్సుకి కాస్త దూరంగా, కొండల్లోంచి వెళ్లే ఐ-86 హైవే మీదుగా చుట్టు తిరిగి వెళ్తే తప్పించుకోవచ్చా, లేక ఆ కొండల్లో ఇంకా ఎక్కువ పడుతుందా?