నైలాన్ తాడు, పూసల దారం కొసలు విచ్చుకోకుండా ఏం చేయాలి?

ప్రశ్న:
ఊయలకు 6 మి.మీ. పురి తాడు, పూసల దండలకు 0.8 మి.మీ. నైలాన్ దారం వాడుతున్నాను. కత్తెర పడగానే తాడు కొస చీపురులా విచ్చుకుంటోంది. కొవ్వొత్తి మీద పెడితే నల్లగా గడ్డకట్టి చేతికి గుచ్చుకుంటోంది. సన్న దారమేమో పూసలో దూరడం లేదు. దారి చెప్పండి.

జవాబు 1:
ముందు ఒక పోగు లాగి పట్టకారుతో పట్టుకుని వెలిగించండి. కాగితం కాలిన వాసన వచ్చి బూడిదైతే నూలు, దానికి మంట పనికిరాదు. కరిగి గుండులా గట్టిపడితే సింథటిక్.

కోయాల్సిన చోట టేపు రెండు చుట్లు బిగించి, టేపు మధ్యలో పదునైన బ్లేడుతో కోయండి. పురి విడిపోయాక ఎంత కాల్చినా కొస లావెక్కుతుందే తప్ప కుదురుకోదు. నలుపంతా కొవ్వొత్తి పసుపు మంటలోని మసి. లైటర్ మంట అడుగున నీలంగా ఉండే చోటికి పక్కనుంచి, తాకీ తాకకుండా చూపండి. నైలాన్ 6 అనే నైలాన్ రకం సుమారు 220 డిగ్రీల సెల్సియస్‌కు కరుగుతుంది, పాలీప్రొపిలీన్ అనే మరో సింథటిక్ 165 దగ్గరే. అందుకే అది మంట తగిలితే చుక్కలుగా కారుతుంది. మెరుపు రాగానే తీసి, తడి చెంచా వీపుతో అదమండి. వేళ్లతో మాత్రం వద్దండీ, కరిగిన నైలాన్ చర్మానికి అంటుకుని ఊడదు. గుచ్చుకునే అంచును గోళ్ల ఆకురాయితో రుద్దండి.

జవాబు 2:
ఊయల తాడుకు కాల్చడంతో ఆగకండి. ఆ గట్టి కొస వాడుకలో పగులుతుంది. మైనం రాసిన దారంతో కట్టు వేయండి. దారాన్ని ఉచ్చులా మడిచి, ఉచ్చు కొసవైపు ఉండేలా తాడు మీద పెట్టండి. లోపలి నుంచి కొసవైపు, చుట్టు పక్కన చుట్టు ఆనేలా 9 మి.మీ. మేర బిగించి చుట్టి, చివరను ఉచ్చులో దూర్చండి. రెండో చివర లాగితే ఉచ్చు చుట్ల కిందికి జారుతుంది. అది సగానికి రాగానే ఆపండి. పూర్తిగా లాగేస్తే కట్టు ఊడిపోతుంది. ఊయల కట్టే ముడి దాటి 6 సెం.మీ. తోక వదలండి. ముడి దగ్గర మాత్రం మంట పెట్టకండి, పోగులు బలం కోల్పోతాయి.

జవాబు 3:
పూసల దారాన్ని కాల్చొద్దు, గుండు కడితే పూసలో పట్టదు. చివరి 3 సెం.మీ.కు రంగులేని నెయిల్ పాలిష్ రాసి, పురి తిరిగిన వైపే మెలిపెట్టి ఆరనివ్వండి. తర్వాత ఏటవాలుగా కోస్తే అదే సూదిలా దూరుతుంది. తొందరుంటే ఇన్‌స్టంట్ జిగురు ఒక్క చుక్క చాలు. నూలు దారానికి మాత్రం దాన్ని పుయ్యకండి, చురుక్కుమని వేడెక్కి చెయ్యి కాలుతుంది.