వేషం వేసుకుని పాఠం చెప్తే పిల్లలు నవ్వేస్తున్నారు, ఏం చేయాలి?

చంద్రగిరి_సోషల్:
చంద్రగిరి దగ్గర హైస్కూల్లో సోషల్ చెప్తాను. పోయినేడు తొమ్మిదో తరగతికి కృష్ణదేవరాయల వేషంలో వెళ్లా. కిరీటం, పట్టు పంచె, మీసం అన్నీ డ్రామా సామాన్ల అంగట్లో అద్దెకి తెచ్చినవే. 1513లో రాయలు తిరుమలకి వచ్చిన సంగతి చెప్తుండగా చెమటకి మీసం ఒక పక్క ఊడింది. ఆ బ్యాచ్ పిల్లలు ఇప్పటికీ బజార్లో కనిపిస్తే మీసం సంగతే అడుగుతారు. 1513 ఒక్కడికీ గుర్తులేదు.

ఈసారి రాజులు వద్దనుకున్నా. 1944లో ఘాట్ రోడ్డు పడక ముందు కొండకి నడిచే పోవాలి, నడవలేనివాళ్లు డోలీలో. ఆ డోలీ మోసే మనిషిగా, 1943లో ఒక రోజు, అలిపిరి నుంచి మోకాళ్ల పర్వతం దాకా చెప్పాలని ఉంది. ముప్పావు గంట పీరియడ్. పంచె, తలపాగా గుడ్డ కొన్నా. ఇంకేం కావాలి? మళ్లీ నవ్వులపాలవుతానేమో అని టెన్షన్. మా ఆవిడైతే 'మామూలుగా చెప్పి రాకూడదా' అంటోంది.

గంగమ్మగుడి_వీధి:
సార్, ఆ పంచె కొత్తదేనా? 1943 అంటే యుద్ధకాలం, బట్టకి కరువు. మిలమిలలాడే పంచెలో డోలీ మోసేవాడెవడు? నాలుగుసార్లు ఉతికి టీ డికాక్షన్‌లో ముంచండి.

చిన్నప్పుడు గంగమ్మ జాతరకి బైరాగి వేషం వేసేవాణ్ణి. ఒంటికి నామం సుద్ద, అంతే. కొన్న బట్ట ఒక్కటీ లేదు. అయినా ఆ పూట మా అమ్మ కూడా నన్ను పేరుపెట్టి పిలిచేది కాదు. మీరూ గుమ్మం దాటాక మధ్యలో 'ఏయ్, వెనక బెంచీ' అన్నారో, వేషం అక్కడే చెడుతుంది.

రిటైర్డ్_టీచరమ్మ (చిత్తూరు):
ఒక మాట నాయనా. డోలీ మోసేవాళ్లని బోయీలంటారు కదా, అది పని పేరే కాదు, కులం పేరు కూడా. ఆ ఇళ్ల పిల్లలు మీ క్లాసులోనే ఉండొచ్చు. యాస పెట్టి ఎక్కిరించినట్టు మాట్లాడొద్దు, మీ ఇంట్లో మాటే మాట్లాడండి.

బట్టల మీద అంత ఖర్చు అనవసరం. వెదురు బొంగుకి ఇరవై కిలోల బియ్యం మూట కట్టి, ఇద్దరేసి పిల్లల్ని క్లాసు చుట్టూ మోయించండి. భుజం ఎప్పుడు మార్చుకోవాలో, ముందువాడు అడుగు తప్పితే వెనకవాడికి ఏమవుతుందో వాళ్లకే తెలుస్తుంది. అప్పుడు చెప్పండి, అలిపిరి దారిలో మెట్లు మూడున్నర వేలని. కూలి లెక్క అణాల్లో వేయించండి, రూపాయికి పదహారు. పైసల లెక్క 1957లో కదా మారింది.

బస్సు వచ్చాక ఆ మనిషి ఏం చేశాడని ఎవరో ఒకరు అడుగుతారు. మీరు కథ అల్లొద్దు. ఆ ప్రశ్న ఇంటికి పంపండి, కొండ కింది ఊళ్లలో ఇంకా అవ్వాతాతలు ఉన్నారు.

చంద్రగిరి_సోషల్:
థాంక్స్ మేడమ్. బొంగు దొరికింది. బియ్యం మూట తిరిగి తేవాలనే షరతు మీద మా ఆవిడ ఒప్పుకుంది. పంచె డికాక్షన్‌లో నానుతోంది, ఇల్లంతా టీ వాసన. తలపాగా మాత్రం మా నాన్న దగ్గర నేర్చుకుంటున్నా. ఆయన రెండు నిమిషాల్లో చుట్టేస్తాడు, నేను చుడితే పీరియడంతా దానికే సరిపోయేట్టుంది.