"నా ద్వారానే తప్ప": ఆ "నే" ఉన్నట్టా, లేనట్టా?

కొరిటెపాడు, గుంటూరు
మా నానమ్మ పోయి నెల దాటింది. సమాధికి రాతిపలక చేయిస్తున్నాం. ఆవిడకి ప్రాణమైన యేసు మాట, యోహాను సువార్త 14:6, చెక్కించాలన్నది నాన్న కోరిక. రోజూ రాత్రి ప్రార్థన అయ్యాక బైబిలు మూసి, కళ్ళజోడు మడిచి దాని మీద పెట్టి, ఈ మాట ఒకసారి పైకి అనుకుని పడుకునేది. నా చెవిలో ఉన్నది "నా ద్వారా తప్ప యెవడును తండ్రియొద్దకు రాడు". నాన్నేమో "నా ద్వారానే తప్ప" అంటారు. అర్థం మారుతుందా? రాయి మీద పడ్డాక దిద్దలేం కదా, అదే టెన్షన్. చెక్కే ఆయనకి రేపు పొద్దున్న కాగితం ఇవ్వాలి.

బ్రాడీపేట
అచ్చులో ఉన్నది "నేనే మార్గమును, సత్యమును, జీవమును, నా ద్వారానే తప్ప యెవడును తండ్రియొద్దకు రాడు". మీ నాన్నగారిదే సరైన పాఠం. ఆ "నే" తీసేస్తే వాక్యం బలం సగం పోతుంది.

పటమట
బలం పోదండీ. "తప్ప" అన్నాకే మిగతా దారులన్నీ మూసుకుపోయాయి, మళ్ళీ "నే" ఎందుకు? గ్రీకులో అక్కడున్నది "ది ఎము", అంటే నా ద్వారా, అంతే. అదే సువార్త 10:9లోనూ అవే మాటలు. అక్కడ మన తెలుగు "నేనే ద్వారమును, నా ద్వారా ఎవడైన లోపల ప్రవేశించినయెడల" అని "నే" లేకుండా నడిచింది. ఒకే మాటకి ఒకచోట "ద్వారా", ఇంకోచోట "ద్వారానే". ఈ "నే" అనువాదకులు పెట్టిందే. నానమ్మగారి చెవి మూలానికి దగ్గరగా ఉంది.

సత్యనారాయణపురం
పటమట గారూ, తెలుగు వాక్యాన్ని గ్రీకు తక్కెడలో తూచకండి. ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పినవాణ్ణి, ఒక్క మాట వినండి. "వాడు అన్నమే తప్ప ఇంకేం తినడు" అనమా? ఏకారమూ తప్పా కలిసి రావడం మన నుడికారం, పునరుక్తి కాదు. ఇంకా కావాలంటే పోతన దగ్గరికి రండి. మొసలి పట్టులో ఒళ్ళు డస్సి, ప్రాణాలు ఠావులు తప్పాక ఏనుగు అన్నదేమిటి? "నీవే తప్ప నితఃపరం బెఱుగ". నీవు తప్ప అనలేదు, నీవే తప్ప. ఆ "వే" దగ్గర గొంతు ఎలా సాగుతుందో ఒకసారి పైకి చదివి చూడండి. అదే పద్యం చివర "సంరక్షింపు" కూడా ఉంది. మీరు రక్షణ అనేది ఆ ధాతువే.

గుణదల
మాస్టారూ, పోలిక బాగుంది కానీ అది సగం దాకానే వస్తుంది. గజేంద్రుడు "నేనెరుగను" అంటున్నాడు. మునిగిపోతున్నవాడు తన సంగతి తాను చెప్పుకోవడం అది. యోహానులో ఉన్నది "యెవడును రాడు". లోకంలో అందరి గురించీ చెప్పిన మాట. క్రైస్తవుల "ఒక్కటే మార్గం" మీద ఇన్నేళ్ళ వాదమంతా ఆ "యెవడును" మీదే కదా, "నే" మీద కాదు. నేను కథోలికురాలిని. 1964లో వాటికన్ మహాసభ పత్రం కూడా క్రీస్తే రక్షకుడని చెబుతూనే, తమ తప్పు లేకుండా సువార్త ఎరగనివాళ్ళు నిజాయితీగా దేవుణ్ణి వెదికితే వాళ్ళకీ రక్షణ అందవచ్చంది. మార్గం ఒకటే, ఆ మార్గాన ఎవరిని ఎలా నడిపిస్తాడో ఆయన ఇష్టం. "ఈ దొడ్డివికాని వేరే గొఱ్ఱెలును నాకు కలవు" అన్నదీ ఆయనే.

బ్రాడీపేట
అమ్మా, ఆ గొర్రెలు అన్యజనులే, అంటే యూదులు కానివాళ్ళు, వాళ్ళూ ఆయన స్వరం విని వచ్చినవాళ్ళే. అపొస్తలుల కార్యములు 4:12లో పేతురు "ఈ నామముననే" అన్నాడు చూడండి, అక్కడా "నే" ఉంది. మా లూథరన్ పెద్దలు 1842లో గుంటూరు వచ్చిన మిషనరీ హేయర్ దొరగారి కాలం నుంచీ ఈ మాట మీదే నిలబడ్డారు. మాకిది ఎదుటివాణ్ణి బయటికి నెట్టే మాట కాదు, ఒక దారి ఉందన్న కబురు. ముందు వాక్యంలో శిష్యుడు తోమా అడిగింది కూడా ఆ మార్గం మాకెలా తెలుస్తుందనే. ఆ ప్రశ్నకి జవాబు "నేనే".

పటమట
అదే నేనంటున్నదీ. "నీ పుస్తకం ఎవరు తీశారు" అంటే "నేనే" అంటాం. అది గుర్తింపు చెప్పే ఏకారం, మిగతావాళ్ళని తోసేసేది కాదు. "నేనే మార్గము"లో ఏకారం ఒకటి, "ద్వారానే"లో ఇంకొకటి. రెండింటినీ కలిపి చదవడం వల్లే ఈ చిక్కంతా.

వినుకొండ నుంచి, ఇప్పుడు విజయవాడ
మీరందరూ "నే" పట్టుకున్నారు, "ద్వారా"ని వదిలేశారు. సంస్కృతంలో అది "ద్వార్" శబ్దానికి తృతీయా విభక్తి. వాకిట గుండా అని. గ్రీకులో తలుపు మాట వేరు, "ద్వారా" మాట వేరు. తెలుగులోకి వచ్చేసరికి రెండూ కలిశాయి. మా ఊరి జాషువా గారు గుర్తొస్తారు నాకు. గబ్బిలంలో తనకు గుడి వాకిలి మూసి ఉంటే, లోపలికి వెళ్ళగల గబ్బిలంతో కాశీలో శివుడికి మొర పంపుకున్నాడు ఆ అరుంధతీయుడు. 1941 నాటి కావ్యం. ఆ చేతితోనే తర్వాత క్రీస్తు చరిత్ర రాసి 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. వాకిలి మూయించుకున్నవాళ్ళ ఇళ్ళలో "నేనే ద్వారమును" అన్న మాట ఎలా వినిపించి ఉంటుందో ఆలోచించండి. మా అమ్మమ్మకి అది ఆంక్షలా వినపడలేదు. లోపలికి రమ్మన్నట్టు వినపడింది.

సత్యనారాయణపురం
చాలా మంచి మాట చెప్పారు. నేను జాషువా గారి పద్యాలు పాఠం చెప్పినన్నాళ్ళూ ఈ "ద్వారా" సంగతి తట్టలేదు. ఇంకో క్రియ చూడండి, "రాడు". పోడు అనలేదు. తెలుగులో "రా" అన్నామంటే చెప్పేవాడు ఆ చివర ఉన్నట్టు. ఆరు వాక్యాల తర్వాత అదే నోటితో "తండ్రియొద్దకు వెళ్లుచున్నాను" అంటాడు. వెళ్తున్నవాడు ఇక్కడ "రాడు" ఎందుకన్నాడు?

గుణదల
మాస్టారూ, వెళ్తున్నానన్న నోటితోనే ఆ అధ్యాయం మొదట్లో మళ్ళీ వచ్చి తీసుకెళ్తానని కూడా అన్నాడు. ఆ చివరా ఆయనే, ఈ చివరా ఆయనే.

కొరిటెపాడు
అందరికీ దండాలు. ఇప్పుడే నానమ్మ బైబిలు తీసి చూశాను. ఆ వాక్యం కింద పెన్సిలు గీత ఉంది, కానీ "ద్వారానే" కింద కాదు, "రాడు" కింద. రెండుసార్లు గీసింది, కాగితం కాస్త చిరిగింది కూడా. నాన్న వచ్చి చూసి ఏమీ అనకుండా కూర్చున్నారు. చెక్కే ఆయన ఫోన్ చేసి అక్షరాలు లెక్క చెప్పమంటున్నాడు.

బ్రాడీపేట
అచ్చులో ఉన్నట్టే ఇవ్వండి బాబూ. "యెవడును" అన్నచోట యె ఉండాలి, ఎ కాదు.

పటమట
ఎందుకుండాలి?