రికార్డర్ కాపీ చేసిన హార్డ్ డిస్క్‌ను కంప్యూటర్ చదవడం లేదు, సహాయం చేయగలరా?

మా వీడియో రికార్డర్‌లో పాత టేపుల నుంచి ఎక్కించిన కుటుంబ వీడియోలు ఉన్నాయి. టేపులు బూజు పట్టి పాడైపోయాయి, మిగిలింది ఈ ఒక్క ప్రతే. పైగా రికార్డర్ లోపలి డిస్క్ వారం రోజులుగా టక్ టక్‌మని చప్పుడు చేస్తోంది. అది ఆగిపోయేలోగా అన్నీ బయటికి తీయాలని నా ఆత్రం.

ముందు 1 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌ను ఫ్యాట్32 అనే, ఫైళ్లను అమర్చే పద్ధతిలో ఫార్మాట్ చేసి రికార్డర్‌కు తగిలించాను. చిన్న వీడియోలు చక్కగా వెళ్లాయి, వాటిని కంప్యూటర్‌లో దాచుకున్నాను. అమ్మమ్మ తన చిన్ననాటి సంగతులు చెప్పిన రెండు గంటల వీడియో మాత్రం ప్రతిసారీ 4 జీబీ దగ్గరే ఆగిపోయింది. యూఎస్‌బీ నుంచి కరెంటు చాలడం లేదేమోనని విడిగా అడాప్టర్ ఉన్న హబ్ పెట్టి చూశాను, తేడా లేదు. ఫ్యాట్32లో ఒక్కో ఫైలుకు 4 జీబీయే పరిమితి కదా, అదే కారణమని నా నమ్మకం. ఎన్‌టీఎఫ్‌ఎస్, ఎక్స్‌ఫ్యాట్‌లకు మారిస్తే రికార్డర్ డిస్క్‌ను గుర్తించనే లేదు.

చివరికి రికార్డర్‌తోనే ఫార్మాట్ చేయించాను. అమ్మమ్మ వీడియో పూర్తిగా కాపీ అయింది! కానీ ఆ డిస్క్‌ను విండోస్ కంప్యూటర్‌కు పెడితే, వాడాలంటే ఫార్మాట్ చేయాలంటోంది. వెంటనే రద్దు నొక్కి తీసేశాను.

ఇది లినక్స్ (విండోస్ లాంటి మరో ఆపరేటింగ్ సిస్టమ్) వాడే ఈఎక్స్‌టీ3 లేదా ఎక్స్‌ఎఫ్‌ఎస్ పద్ధతి అయి ఉంటుందా? పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ నడిపి, డిస్క్‌పై ఏమీ రాయకుండా చదవడానికి మాత్రమే తెరవడం ఎలా? సొంత టేపుల నుంచి ఎక్కించినవాటిని కూడా రికార్డర్లు ఎన్‌క్రిప్ట్ చేస్తాయా (వేరే యంత్రాలు చదవలేని రహస్య రూపంలోకి మారుస్తాయా)? అలాగైతే రికార్డర్‌లోనే వీడియోను ముక్కలు చేసి ఫ్యాట్32కు పంపడం మేలా, లేక ఆ చప్పుడు చేసే డిస్క్‌ను ఇక కదిలించకూడదా? ఇలాంటి పని చేసి చూసినవారు దయచేసి చెప్పండి.