కవరు వెళ్ళింది, రూపాయి వెళ్ళలేదు: వేలంలో అమ్మిన నాణేలు మీరెలా పంపుతున్నారు?

అమలాపురం అణా

అందరికీ నమస్కారమండి. మొదటి దెబ్బ తగిలింది, అందుకే రాస్తున్నాను.

మా తాతయ్య ఇత్తడి మరచెంబులో దాచిన నాణేలు ఒక్కొక్కటే ఆన్‌లైన్ వేలంలో పెడుతున్నాను. పోయిన నెల 1862 విక్టోరియా రూపాయిని పూణె ఆయన 1,900కి పాడుకున్నారు. తెల్ల కాగితం నాలుగు మడతల్లో పెట్టి, బ్రౌన్ కవర్లో వేసి, గమ్ అంటించి పంపేశాను. ఏడో రోజున ఆయన ఫోటో పెట్టారు. అంటించిన చోట అంటించినట్టే ఉంది. కింది మూలన మాత్రం రూపాయి సరిగ్గా దూరేంత చీలిక. లోపల నా కాగితం మడత నలగకుండా ఉంది. రూపాయి లేదు.

ఎవరైనా తీశారో, అదే జారిపోయిందో తెలియదు. డబ్బు వెనక్కి ఇచ్చేశాను. ఇంకా నాలుగు నాణేలు పంపాల్సినవి ఉన్నాయి. చేతులు రావట్లేదు.

తణుకు మాస్టారు

ఎవరూ తీసి ఉండరమ్మా. ఆ రూపాయే కవరు చింపుకుని పోయింది.

దాని బరువు 11.66 గ్రాములు. అంచు చుట్టూ సన్నటి గీట్లు ఉంటాయి, వేలితో తడిమి చూడు, ఆకురాయిలా తగులుతుంది. మెయిల్ సంచి లారీలోకి ఎక్కిన ప్రతిసారీ, దిగిన ప్రతిసారీ ఆ బిళ్ళ కవరులో బరువున్న మూలకి జారి అక్కడే కొడుతుంది. పూణె చేరేలోపు ఎన్నిసార్లు ఎక్కి దిగి ఉంటుందో లెక్కేసుకో. ముప్ఫై ఏళ్ళు పిల్లలకి సైన్సు చెప్పిన వాణ్ణి, ఈ మాత్రం చెప్పగలను.

నేను చూసుకునేది ఒక్కటే. ప్యాకెట్ కట్టాక చెవి దగ్గర పెట్టి గట్టిగా ఆడిస్తాను. కాస్త చప్పుడు వచ్చినా మళ్ళీ విప్పి కడతాను.

పాలకొల్లు పావలా

మాస్టారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. నేను నాలుగేళ్ళుగా వారానికి ఐదారు పంపుతున్నాను. నా పద్ధతి చెబుతాను, కాస్త పొడుగు, ఓపిక పట్టండి.

ముందు నాణేన్ని టూ బై టూ హోల్డర్లో పెడతాను. అదే, మధ్యలో గుండ్రటి సన్నటి ప్లాస్టిక్ కిటికీ ఉన్న చదరపు అట్ట, మడిచి పిన్నులు కొట్టేది. పిన్ను కొట్టాక వెనక్కి తిరిగిన కాళ్ళని పటకారుతో నొక్కి చదును చెయ్యాలి. చాలామంది ఇక్కడే బద్ధకిస్తారు. రెండు హోల్డర్లు ఒకదాని మీద ఒకటి పడితే ఒకదాని పిన్ను ఇంకోదాని కిటికీని చీల్చి రాజుగారి ముక్కు మీద గీత పెడుతుంది.

తర్వాత పోస్టుకార్డంత అట్టలు రెండు తీసుకుంటాను. కార్టన్ పెట్టెల అట్ట, లోపల అలలు ఉంటాయి చూడండి, అది. ఒక ముక్కలో అలలు నిలువుగా, రెండో ముక్కలో అడ్డంగా వచ్చేలా పెడితే ఎటు వంచినా వంగదు. హోల్డర్‌ని మొదటి అట్ట మధ్యలో పెట్టి నాలుగు వైపులా టేపు. టేపు హోల్డర్ అంచు మీదికే రావాలి, కిటికీ మీదికి రాకూడదు. రెండో అట్ట పైన మూసి చుట్టూ టేపు. ఇప్పుడది బిస్కెట్‌లా ఉంటుంది. దీన్ని బబుల్ కవర్లో పెట్టి, ఖాళీ ఉంటే మడిచి బిగించి అంటిస్తాను. కవరు మీద నాణెం అనే మాట ఎక్కడా రాయను.

ఖర్చంతా కలిపి పాతిక రూపాయలు దాటదు.

రాజోలు రూపాయి

పావలా గారూ, టేపు దగ్గర ఒక్క మాట చేర్చనివ్వండి. మీలాగే గట్టిగా చుట్టి 1911 పంది రూపాయి పంపాను (తెలియనివాళ్ళకి: ఐదో జార్జి అంగీ మీద ఏనుగు బొమ్మ పందిలా కనపడుతోందని గొడవై వెనక్కి తీసుకున్న రూపాయి). కొన్నాయనకి టేపు కొస దొరకలేదు. బ్లేడు పెట్టి కోశాడు. ఆ బ్లేడు అట్టా, కిటికీ రెండూ దాటి రాజు చెంప మీద చెవి దాకా దిగింది. తప్పు ఆయనదే, అయినా నాణెం తిరిగొచ్చింది నా దగ్గరికే. ఇప్పటికీ బీరువాలో ఉంది, తియ్యబుద్ధి కాదు.

అప్పట్నుంచి ప్రతి టేపు చివరా అర అంగుళం లోపలికి మడిచి తోక వదులుతున్నాను. ఆ తోక పక్కన ఎర్ర పెన్నుతో బాణం గీసి 'ఇక్కడ లాగండి' అని రాస్తాను.

అమలాపురం అణా

బాణం ఆలోచన భలే ఉందండి. అట్టల కోసం మా ఇంట్లో పాత శుభలేఖలు కట్టలు కట్టలు ఉన్నాయి. మందంగానే ఉంటాయి కదా, వాడొచ్చా?

పాలకొల్లు పావలా

హహ్హహ్హ. వాడాను ఒకసారి. శుభలేఖ నాలుగు మూలలా పసుపు రాస్తారని మర్చిపోయాను. వానాకాలం, కవరు చెమ్మగిల్లి ఆ పసుపంతా హోల్డర్‌కి అంటింది. కొన్న జైపూర్ ఆయన పూజ చేసి పంపానని అనుకున్నాడట, ఫైవ్ స్టార్ రేటింగ్ ఇచ్చాడు. మీకు అలాంటాయన తగులుతాడని గ్యారంటీ లేదు.

కాకినాడ కాణీ

పసుపంటే నవ్వుకోవచ్చు, రబ్బరు బ్యాండుతో ఆ అవకాశం కూడా ఉండదు. నేను కొన్నవైపు నుంచి చెబుతున్నా. ఐదు వెండి పావలాలు ఒకాయన వరసగా పేర్చి రబ్బరు బ్యాండు వేసి, ప్లాస్టిక్‌లో చుట్టి పంపాడు. అది దారిలో ఎక్కడో పన్నెండు రోజులు ఆగింది. విప్పితే బ్యాండు తగిలిన చోటల్లా అడ్డంగా నల్లటి చార. రబ్బరులో గంధకం ఉంటుంది, వెండిని నల్లబరుస్తుంది. ఆ చార తోమితే పోయేది కాదు, తోమితే విలువే పోతుంది.

మెత్తటి పీవీసీ కవర్లు కూడా అంతే. ఫ్యాన్సీ షాపుల్లో దొరికే వంగే ప్లాస్టిక్, కొత్త రెయిన్‌కోటు వాసన వస్తుంది చూడండి, అది పీవీసీ. రాగి నాణెం కొన్నాళ్ళు అందులో ఉంటే ఆకుపచ్చ జిగురు పడుతుంది. గలగలలాడే గట్టి మైలార్ కవర్లు అడిగి తీసుకోండి.

తణుకు మాస్టారు

ఎవరైనా దయచేసి చింతపండు సంగతి కూడా చెప్పండి. పోయినవారం ఒకమ్మాయి నాకు ఫోటోలు పంపింది. అమ్మకానికి పెట్టేముందు 'శుభ్రంగా ఉండాలని' రాగి అర్ధణాలన్నీ చింతపండుతో తోమేసిందట. దేవుడి గదిలో చెంబుల్లా మెరుస్తున్నాయి. నూటయాభై ఏళ్ళ రంగు ఒక్క పూటలో పోయింది. ఆ పిల్లతో ఏమనాలో తెలియక బాగున్నాయమ్మా అన్నాను.

నర్సాపురం లేసు

కొత్తగా చేరానండి. మా అమ్మ లేసు అల్లికల పని చేస్తుంది, ఆవిడ పార్సిళ్ళు కట్టడం చూసి నాకూ అలవాటు. నా దగ్గర చిల్లు కాణీలు 60 దాకా ఉన్నాయి, 1943 నుంచి 47 వరకు. లాటుగా అమ్మాను. విడివిడిగా హోల్డర్లంటే నాణెం కన్నా అట్ట ఖరీదెక్కువ. నడుమ చిల్లు ఉంది కదా అని మందపాటి దారానికి గుచ్చి, మాలలా ముడేసి పంపాను. ఏమైనా తప్పా?

కాకినాడ కాణీ

తప్పని కాదు గానీ ఒకదాన్నొకటి రాసుకుంటాయండి. మా నాయనమ్మ కాలంలో పిల్లల మొలతాటికి కట్టేవారు కాబట్టి చిల్లు కాణీకి దారం కొత్తేమీ కాదు. అయితే అవి అరిగినా అడిగేవాళ్ళు లేరు. లాటు పంపేటప్పుడు పది పది పేర్చి, కాగితంలో బిగుతుగా చుట్టి, రెండు చివరలూ లోపలికి మడవండి. బ్యాంకువాళ్ళ చిల్లర చుట్టల్లాగా. ఆ చుట్టలు మళ్ళీ ఒకదానికొకటి తగలకుండా మధ్యన అట్ట.

యానాం గట్టు

నాది వేరే బాధ, నవ్వకండి. నేను కొనేవాణ్ణి, అమ్మేవాణ్ణి కాదు. మాది యానాం. చిరునామాలో పుదుచ్చేరి అని రాయాలి, పిన్‌కోడ్ మాత్రం మన తూర్పుగోదావరి లెక్కలో 533తో మొదలవుతుంది. అమ్మేవాళ్ళు పుదుచ్చేరి అని చూడగానే, నేను తప్పు రాశానని వాళ్ళే దిద్ది 605 పిన్ వేస్తారు. నా నికెల్ పులి రూపాయి, 1947ది, సముద్రం పక్కనే పాండిచ్చేరి దాకా వెళ్ళి అక్కడ రెండు వారాలు ఉండి తిరిగి అమ్మినాయన దగ్గరికే చేరింది. ఎండెక్కిన ఊళ్ళు రెండు చూసొచ్చింది, నా చేతికి రాలేదు.

కొనేవాళ్ళు ఇచ్చిన చిరునామా ఇచ్చినట్టే రాయండి బాబూ. అనుమానం వస్తే ఒక మెసేజ్ పెట్టండి.

అమలాపురం అణా

పాపం అండి! సరే, నా అసలు ప్రశ్న. పోస్టా, కొరియరా? రిజిస్టర్డ్ పోస్టు నమ్మకం అంటారు మా నాన్నగారు.

రాజోలు రూపాయి

నాన్నగారికి చెప్పండి, రిజిస్టర్డ్ పోస్టు విడిగా లేదు. 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు. ప్రైవేటు కొరియర్లలో చాలావాటి నిబంధనలు చదివితే కరెన్సీ, నాణేలు, బంగారం, వెండి తీసుకోమని ఉంటుంది. కౌంటర్లో కుర్రాడు అడగడు, మనం చెప్పం, తీసుకుంటాడు. పోయిన రోజున ఆ నిబంధన కాగితం మన ముందు పెడతారు.

పాలకొల్లు పావలా

నాణేలుంటే ఇన్సూర్ చేసే పంపాలని మా పోస్ట్‌మాస్టర్ గారు మొదటి రోజే చెప్పారు. మా ఊరి బ్రాంచిలో కుదరక పాలకొల్లు వెళ్ళి చేయిస్తాను. ఇన్సూరెన్స్ లేకపోతే పోయినప్పుడు ఇచ్చేది మనం కట్టిన ఛార్జీ లెక్కన ఉంటుంది, నాణెం ఖరీదు లెక్కన కాదు. కవరు పైన నాణెం అని రాయనన్నాను గానీ కౌంటర్లో దాచను. ఆ రెండూ వేరు.

ఇంకోటి. రసీదు మీద ప్యాకెట్ బరువు అచ్చవుతుంది. ఇంట్లో రెండు దశాంశాల దాకా చూపే చిన్న కాటా ఉంది నాకు. ముందు నాణెం ఒక్కటీ కాటా మీద ఫోటో, తర్వాత కట్టిన ప్యాకెట్ ఫోటో, ఆ పైన రసీదు. అవతలివాళ్ళని విప్పేముందు తూచి ఫోటో తియ్యమంటాను, కట్ చెయ్యకుండా ఒకే వీడియోలో విప్పమంటాను. ఒకసారి రసీదులో 48 గ్రాములున్న ప్యాకెట్ అక్కడ 36 తూగింది. కొన్నాయన విప్పకుండానే తిరస్కరించాడు. దాంతో మాటామాటా రాకుండా క్లెయిము పెట్టుకున్నాను.

నర్సాపురం లేసు

విదేశాలకి పంపినవాళ్ళు ఉన్నారా? వీఓసీ (డచ్చి ఈస్టిండియా కంపెనీ) అక్షరాలున్న రాగి నాణెం ఒకటుంది, 1790ది. మా అమ్మమ్మగారిది పాలకొల్లు, ఒకప్పుడు డచ్చివాళ్ళ వర్తక స్థావరం ఉన్న ఊరు కదా. హాలెండ్ నుంచి ఒకాయన అడుగుతున్నాడు, మంచి రేటు.

తణుకు మాస్టారు

వద్దు తల్లీ. వందేళ్ళు దాటిన నాణెం 1972 పురావస్తువుల చట్టం కింద పురావస్తువు. మనలాంటివాళ్ళు దేశం దాటించకూడదు. డచ్చివాళ్ళు వేసిందే అయినా, అడిగేది డచ్చాయనే అయినా అంతే. దేశంలోపల అమ్ముకో. అలాగే గోదావరి లంకల్లో దున్నుతుంటే దొరికాయని ఎవరైనా బిందెడు తెస్తే ముట్టుకోకు. భూమిలో దొరికిన నిధిని కలెక్టరుకి తెలపాలని 1878 నుంచీ చట్టం ఉంది.

నర్సాపురం లేసు

అమ్మో, మంచిపని చేశారు చెప్పి. ఆయనకి ఫోటో మాత్రం పంపాను, చూసి సంతోషించమని.

కాకినాడ కాణీ

మన వైపువాళ్ళకి చివరి మాట, చెమ్మ. ఆగస్టులో మన గాలి సంగతి తెలిసిందే, ఉప్పు డబ్బాలో ఉప్పు కరిగిపోతుంది. ఆ గాలితో పాటు నాణేన్ని జిప్ కవర్లో మూస్తే చెమ్మని కూడా ప్యాక్ చేసినట్టే. నేను మధ్యాహ్నం ఎండ ఉన్నప్పుడు కడతాను, మందు సీసాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లం ఒకటి పడేస్తాను. చేతులు కడిగి, తుడుచుకుని, నాణెం అంచు మాత్రమే పట్టుకుంటాను. రాగి మీద వేలిముద్ర ఆ రోజు కనపడదు. నెల తర్వాత కొన్నాయన ఆల్బంలో కనపడుతుంది. 2022 జూలై వరదల్లో నా ప్యాకెట్ ఒకటి ఎక్కడో తడిసింది. లోపలి కవరుకి గాలి ఆడకుండా టేపు వేసి ఉన్నాను కాబట్టి అట్ట మెత్తబడింది గానీ నాణేనికి ఏమీ కాలేదు.

రాజోలు రూపాయి

దగ్గర్లో వాళ్ళయితే ఈ గొడవలేవీ వద్దండి. నేను భీమవరం ఆయనకి అర్ధరూపాయి సఖినేటిపల్లి నుంచి నర్సాపురం వెళ్ళే పంటు మీదే ఇచ్చేశాను. గోదారి దాటేలోపు భూతద్దంతో చూసుకున్నాడు, బేరం ఆడాడు, డబ్బు ఫోన్లో వేశాడు. నా చేతిలోంచి జారితే వశిష్ఠ గోదావరే ఇన్సూరెన్సు, ఆయ్.

అమలాపురం అణా

ఈ రోజు పంపానండి. పావలా గారి అట్టలు, రూపాయి గారి తోకలు, కాణీ గారి సిలికా, అన్నీ కలిపాను. మా అమ్మ, నేను, తమ్ముడు ఒకరి తర్వాత ఒకరు చెవి దగ్గర ఆడించాం. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

పోస్టాఫీసులో ఇన్సూరెన్స్ ఫారం ఇచ్చాను. కౌంటర్లో ఆవిడ విలువ చదివి, ప్యాకెట్ తీసుకుని ఆవిడ కూడా చెవి దగ్గర ఆడించింది. మళ్ళీ ఆడించింది. 'నాణెం అని రాశారు, నిజంగా పెట్టారా అండీ?' అంది.

కాటా మీద తీసిన ఫోటో చూపించాల్సి వచ్చింది.

తణుకు మాస్టారు

చేరగానే ఇక్కడే చెప్పు. ట్రాకింగ్ ఎక్కడుంది?

అమలాపురం అణా

ఇందాకే రాజమండ్రి దాటింది మాస్టారూ.