అడ్మిన్ పాస్‌వర్డ్ ఇవ్వకుండా స్టాఫ్ ఐపీ మార్చుకునేలా చేయొచ్చా?

కృష్ణలంక_లెక్కలు:
విజయవాడలో చిన్న ఆడిట్ ఆఫీసులో పనిచేస్తాను. నా పని అకౌంట్సే కానీ సిస్టమ్స్ కూడా నేనే చూడాలి. మా ఆర్టికల్స్ పిల్లలు (సీఏ ట్రైనింగ్‌లో ఉన్నవాళ్లు) ల్యాప్‌టాప్‌లు పట్టుకుని గుంటూరు కోల్డ్ స్టోరేజీలకు, గుడివాడ వైపు రైస్ మిల్లులకు వెళ్తుంటారు. ట్యాలీ డేటా అక్కడి సర్వర్‌లో ఉంటుంది కాబట్టి లాన్ కేబుల్ పెట్టుకోవాల్సిందే. కొన్నిచోట్ల ఐపీ, అంటే నెట్‌వర్క్‌లో ఆ మెషీన్ అడ్రస్, దానంతటదే వస్తుంది, కొన్నిచోట్ల మనమే కొట్టాలి, కొట్టబోతే విండోస్ అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది, వెంటనే నాకు ఫోన్. రిటర్న్‌ల గడువు దగ్గరపడితే ఇక చెప్పక్కర్లేదు. "అందరికీ అడ్మిన్ ఇచ్చేసెయ్, గొడవ వదిలిపోతుంది" అంటున్నారు మా సార్. నాకు మనసొప్పడం లేదు, వాటిలో క్లయింట్ల పాన్‌లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు అన్నీ ఉంటాయి. మెషీన్లు విండోస్ 11 ప్రో, రెండు మాత్రం ఉబుంటు (లినక్స్). దారి ఉంటే చెప్పండి.

లాన్‌కేబుల్:
మీ సార్‌కి గట్టిగా వద్దని చెప్పండి. ఐపీ మార్చడానికి అడ్మిన్ ఇవ్వడమంటే పెరటి గేటు తీయమని ఇంటి తాళాల గుత్తంతా చేతిలో పెట్టడమే. విండోస్‌లో సరిగ్గా ఈ పనికే ఒక గ్రూపు ఉంది, పేరు నెట్‌వర్క్ కాన్ఫిగరేషన్ ఆపరేటర్స్, ఎక్స్‌పీ కాలం నుంచీ ఉన్నదే, ఎందుకో చాలామంది అటువైపే చూడరు. కంప్యూటర్ మేనేజ్‌మెంట్‌లో లోకల్ యూజర్స్ అండ్ గ్రూప్స్ తెరిచి ఆ పిల్లల యూజర్లను అందులో చేర్చండి. చేర్చాక ఒకసారి లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వాలి, లేకపోతే ఏమీ మారనట్టే కనిపిస్తుంది. ఆ తర్వాత ఐపీ, గేట్‌వే (బయటి నెట్‌వర్క్‌కి దారి చూపే అడ్రస్), డీఎన్ఎస్ (సైటు పేరుని బట్టి దాని అడ్రస్ చెప్పే సర్వర్) మార్చుకోవచ్చు, లాన్ ఆపి మళ్లీ ఆన్ చేసుకోవచ్చు. కొత్త యూజర్లను చేర్చడం, వేరేవాళ్ల ఫైళ్లు తెరవడం లాంటివి కుదరవు.

ఇంకొకటి, సెట్టింగ్స్ యాప్‌లో కాకుండా పాత కంట్రోల్ ప్యానెల్ నెట్‌వర్క్ కనెక్షన్స్‌లోకి వెళ్లి మార్చమనండి. అక్కడ పాస్‌వర్డ్ అడిగే బాక్సు మళ్లీ వస్తుంది, కంగారు పడొద్దు. అందులో వాళ్ల సొంత యూజర్ పేరు, పాస్‌వర్డ్ కొడితే చాలు.

పాతరౌటర్:
గ్రూపు సంగతి కరెక్టే. కానీ ఆ హక్కు అసలు అవసరమా అని ముందు చూడమంటాను, ఎందుకంటే డీఎన్ఎస్ మార్చగలిగినవాడు ఆ మెషీన్ ఏ సైటుకు వెళ్తుందో కూడా మార్చగలడు. యూజర్ మంచివాడే అయినా అతని లాగిన్‌లో దూరిన వైరస్ మంచిది కాదు కదా. పైగా ఈ గ్రూపుకి రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులన్నీ దాచుకునే చోటు) రెండు సర్వీసుల కింద కొత్త కీలు పెట్టే వీలు ఉండిపోవడంతో, ఆ దారిలో ఏకంగా సిస్టమ్ స్థాయి హక్కులే తెచ్చుకోవచ్చని తేలింది. సీవీఈ-2025-21293 అని నంబర్ ఇచ్చిన భద్రతా లోపం అదే. మైక్రోసాఫ్ట్ 2025 జనవరి అప్‌డేట్‌లో సరిచేసింది. కాబట్టి అప్‌డేట్లు ఆగిపోయిన మెషీన్‌లో మాత్రం ఎవరినీ ఆ గ్రూపులో పెట్టకండి.

చేత్తో కొట్టాల్సింది ఒక్క క్లయింట్ దగ్గరే అయితే ఏ హక్కూ ఇవ్వక్కర్లేదు. ఐపీవీ4 ప్రాపర్టీస్‌లో ఆటోమేటిక్ పెట్టి, పక్కనున్న ఆల్టర్నేట్ కాన్ఫిగరేషన్ ట్యాబ్‌లో ఆ క్లయింట్ ఐపీ మీరే ఒకసారి కొట్టేయండి. డీహెచ్‌సీపీ (ఐపీలను దానంతటదే పంచే ఏర్పాటు) దొరికితే అది ఇచ్చిన ఐపీ తీసుకుంటుంది, దొరకకపోతే కాసేపు చూసి ఇది వేసుకుంటుంది. రెండో క్లయింట్‌కి మాత్రం పనికిరాదు, అక్కడ పట్టేది ఒక్క అడ్రసే. ఇంకా మంచిది, మిల్లువాళ్ల రౌటర్‌లో డీహెచ్‌సీపీ ఆన్ చేయించడం. సర్వర్ ఐపీని రౌటర్ పంచే అడ్రసుల రేంజికి బయట ఉంచితే వాళ్ల ట్యాలీకి ఏ ఇబ్బందీ రాదు.

ఉబుంటుబాబాయ్:
ఆ రెండు ఉబుంటుల సంగతి ఎవరూ చెప్పలేదు. అక్కడ నెట్‌వర్క్ మేనేజర్ ప్రతి పనికీ పోల్‌కిట్‌ని (ఎవరికి ఏ అనుమతి ఉందో చూసే ప్రోగ్రామ్) అడుగుతుంది. మెషీన్ ముందు కూర్చున్న మామూలు యూజర్ కూడా తన ఒక్కడి కోసం కనెక్షన్ చేసుకోవచ్చు, అందరు యూజర్లకూ వర్తించేదాన్ని మార్చబోతేనే పాస్‌వర్డ్ అడుగుతుంది. అందుకని కొత్త కనెక్షన్ చేసేటప్పుడు "మిగతా యూజర్లకు కూడా" అన్న టిక్ తీసేయమనండి. అది కుదరకపోతే యూజర్‌ని నెట్‌డెవ్ గ్రూపులో చేర్చండి, సుడో (అక్కడి అడ్మిన్ హక్కు) అవసరం లేదు. నాకు బాగా నచ్చేదేంటంటే ఒకే కేబుల్‌కి గుంటూరు, గుడివాడ, ఆఫీసు అని వేర్వేరు ప్రొఫైళ్లు పెట్టుకుని మెనూలో ఎంచుకోవచ్చు, అంకెలు మళ్లీ కొట్టే పనే ఉండదు.

కృష్ణలంక_లెక్కలు:
అందరికీ చాలా థాంక్స్ అండి. పాతరౌటర్ గారూ, చేత్తో కొట్టాల్సినవి మాకు ఒకటి కాదు, నాలుగైదు చోట్ల ఉన్నాయి, కాబట్టి బయటికి వెళ్లేవాళ్లని మాత్రమే గ్రూపులో పెడతాను, అప్‌డేట్లు చూసుకున్నాకే. మిల్లులవాళ్లని రౌటర్ గురించి కూడా అడుగుతాను. ఇంకొక్క డౌట్, బయటినుంచి ఆఫీసు ఫైళ్ల కోసం వైర్‌గార్డ్ అనే వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌కి సురక్షిత కనెక్షన్) వాడతాం, అది ఆన్ చేయాలన్నా అడ్మిన్ కావాలంటోంది.

లాన్‌కేబుల్:
దానికీ ఆ గ్రూపే పనికొస్తుంది. రిజిస్ట్రీలో లోకల్ మెషీన్ కింద సాఫ్ట్‌వేర్, అందులో వైర్‌గార్డ్ అనే కీలో లిమిటెడ్ ఆపరేటర్ యూఐ అని, మధ్యలో ఖాళీలు లేకుండా కలిపి రాసి, ఒక డీవర్డ్ (అంకె రకం ఎంట్రీ) పెట్టి విలువ 1 ఇవ్వండి. గ్రూపులో ఉన్నవాళ్లు టన్నెల్ (ఆ వీపీఎన్ కనెక్షన్) ఆన్, ఆఫ్ చేసుకుంటారు, లోపలి ప్రైవేట్ కీ వాళ్లకు కనిపించదు, సెట్టింగులు మార్చలేరు. ముందు ఒక్క ల్యాప్‌టాప్‌లో పెట్టి చూసుకుని, తర్వాత మిగతావాటిలో చేయండి.