నాలుగు గేదెలు కొనే ముందు నూతి సంగతి: సలహా కావాలి

ప్రశ్న (పద్మనాభం మండలం, పాడి రైతు):

అందరికీ నమస్కారం. గోస్తనీ నదికి కాస్త దూరంలో మాకు రెండెకరాల మెట్ట, ఆరు ముర్రా గేదెలు ఉన్నాయి. విశాఖ నగరంలో పాలకు గిరాకీ బాగున్నందున మరో నాలుగింటిని కొనమని ఇంట్లో అంటున్నారు, బ్యాంకు రుణం కూడా వచ్చేలా ఉంది. అయితే అర ఎకరంలో వేసిన సూపర్ నేపియర్ పచ్చిమేత గడ్డికి ఎండాకాలంలో వారానికొక తడి పెట్టవలసి వస్తోంది. మే నెలలో నూతి మోటారు వేసిన అరగంటకే గాలి పీలుస్తుంది. మా నాన్నగారి కాలంలో ఊరి పక్క కొండవాలున మోకాలెత్తు గడ్డి ఉండేది. ఇప్పుడు వాన పడితే ఎర్రమట్టి కొట్టుకొచ్చి గెడ్డలో (వాగులో) చేరుతోంది. పాడిని వదులుకోలేను, నేలనూ నీటినీ పాడుచేసుకోలేను. ఏం చేయమంటారు?

జవాబు 1 (విశ్రాంత పశువైద్యుడు):

బాబూ, మందను పాల గిరాకీని బట్టి కాక, మే నెలలో మీ నుయ్యి ఇచ్చే నీటిని బట్టి నిర్ణయించుకోండి. పాలిచ్చే గేదెకు వేసవిలో తాగడానికే రోజుకు 60, 70 లీటర్లు కావాలి, అంతకు ఎన్నో రెట్లు పచ్చిమేతకు పోతుంది.

అసలు మీ ఆరింటిలో ఎన్ని ఒట్టిపోయి ఉన్నాయి? వేసవిలో గేదె ఎదకు వచ్చినా చాలాసార్లు అరవదు, కాబట్టి తెల్లవారుజామున, రాత్రి పడుకునే ముందు సాలలోకి వెళ్లి, ఎదకు గుర్తుగా మానం నుంచి జారే జిగురు తీగలు ఉన్నాయేమో చూడాలి. ఈతకూ ఈతకూ మధ్య 18 నెలలు పడుతున్నదాన్ని 14, 15 నెలలకు తేగలిగితే కొత్త గేదె లేకుండానే పాలు పెరుగుతాయి. ఒట్టిపోయిన గేదె కూడా నీరు తాగుతుంది, మేత తింటుంది, మీథేన్ వదులుతుంది. వందేళ్ల లెక్కన ఆ వాయువు బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 28 రెట్లు వేడిని పెంచుతుంది.

వరిగడ్డిని ఊరికే వేయకండి. వంద కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియాను 50, 60 లీటర్ల నీటిలో కరిగించి, పొరలు పొరలుగా చల్లి, తొక్కి, గాలి చొరకుండా టార్పాలిన్ కప్పి మూడు వారాలు ఉంచితే మాంసకృత్తులు దాదాపు రెట్టింపవుతాయి. తీసిన గడ్డిని ఘాటు పోయేదాకా ఆరబెట్టాకే వేయాలి. ఆరు నెలల లోపు దూడలకు పెట్టకూడదు.

జవాబు 2 (ఆనందపురం వైపు మహిళా రైతు):

తమ్ముడూ, పెద్దాయన చెప్పింది నిజం. నా వంతుగా కొండవాలు గురించి చెబుతాను, ఎందుకంటే నాకు దాని మీదే బెంగ. మా జీడితోటలో చెట్ల మధ్య స్టైలో అనే పప్పుజాతి పశుగ్రాసం వేశాను. గింజ పైతోలు గట్టిది కనుక బాగా వేడినీటిలో నాలుగైదు నిమిషాలు ఉంచి, ఆరబెట్టి, తొలకరికి చల్లాను. మొదటి ఏడాది పశువులను అటు పోనివ్వలేదు, గింజ రాలనిచ్చాను. ఇప్పుడు తడి అక్కర లేకుండానే కోస్తున్నాను, వానకు మట్టి కూడా అంతగా జారడం లేదు. ఊరి కొండను మాత్రం ఒక్కరు కాపాడలేరు; వానాకాలం మూడు నెలలు అటు తోలకూడదని అందరూ కూర్చుని మాట అనుకోవాలి, ముందు మేకలవారిని ఒప్పించాలి. నాలుగైదు పశువుల పేడతో రెండు ఘనమీటర్ల గోబర్ గ్యాస్ నడుస్తుంది, బయటికొచ్చే స్లర్రీ నేపియర్ మొదళ్లకు పోయవచ్చు.

ప్రశ్న వేసిన రైతు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. లెక్క చూస్తే రెండు ఒట్టిపోయి ఉన్నాయి, వాటిలో ఒకటి ఈని ఇరవై నెలలైనా చూడి నిలవలేదు. రుణం కాగితాలు పక్కన పెట్టాను. ముందు ఆ రెండింటినీ పరీక్ష చేయిస్తాను, మే నెలంతా నూతిలో తాడు దించి నీటిమట్టం రాసుకుని ఆ అంకెలు ఇక్కడే పెడతాను.